టైఫాయిడ్ అన్నారు, లివర్‌లో చీము ఉంది

కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివే మనోళ్లు చదవాలి.

నా ఫోన్‌లో ఒక ఫొటో ఉంది. పోయినేడాది జూన్‌లో మా అక్క వాట్సాప్‌లో పంపిన బ్లడ్ రిపోర్టు. మా మేనల్లుడిది, వాడికి ఏడేళ్లు. నేను చదివేది బీఎస్సీ మైక్రోబయాలజీ. ఆ రోజు సెమిస్టర్ పరీక్షల్లో ఉన్నా. ఫొటో పెద్దది చేసి చూశా, వైడాల్ పాజిటివ్ అని కనపడింది. "టైఫాయిడే అక్కా, కోర్సు మధ్యలో ఆపకుండా వాడించు" అని మెసేజ్ పెట్టి మళ్లీ పుస్తకం తీశా. అదే కాగితంలో పైన మూడో లైన్లో టోటల్ కౌంట్ 23,800 అని ఉంది. ల్యాబ్ అబ్బాయి దాని కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాడు. ఆర్ఎంపీ చూడలేదు, బావ చూడలేదు, మూడేళ్లుగా బాక్టీరియా గురించి చదువుతున్న నేనూ చూడలేదు. అందరం ప్లేట్‌లెట్లే చూశాం. ఐదు లక్షల పైన ఉన్నాయి, డెంగీ కాదు, గండం గడిచింది అనుకున్నాం.

వాడికి లివర్‌లో చీముగడ్డ ఉంది. అది బయటపడటానికి ఇంకో ఎనిమిది రోజులు పట్టింది.

అసలు కథ మే నెలలో మొదలైంది. ఎండలకి వాడి తొడ మీద రెండు సెగగడ్డలు లేచాయి. మామిడిపళ్లు తిన్న వేడి అన్నారు, మన దగ్గర సెగగడ్డ వస్తే ఎవరైనా అనేది అదే. పండిన గడ్డని మా అమ్మ పిండింది. మానిపోయింది. పది పదిహేను రోజులకి జ్వరం. మూడో రోజు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది. సూది పడ్డ రోజు జ్వరం దిగేది, పిల్లోడు లేచి అన్నం అడిగేవాడు, రాత్రికి వణుకుతో మళ్లీ వచ్చేది. ఆరో రోజు టౌన్‌లో రక్తపరీక్ష, నేను పైన చెప్పిన కాగితం. అక్కణ్నుంచి రోజూ సెలైను, రోజూ సూది. పన్నెండో రోజుకి పిల్లోడు నిటారుగా నడవట్లేదు, కుడివైపు వంగి నడుస్తున్నాడు. కుడి పక్కకి తిరిగి పడుకోనంటున్నాడు. "పేట్, పేట్" అని ఏడిచేవాడు. మన గోర్‌బోలిలో కడుపంతా ఒకటే పేట్. ఎక్కడ నొప్పి అంటే పేట్. చెయ్యి మాత్రం కుడి డొక్క కింద పెట్టేవాడు. ఆ చెయ్యి ఎక్కడ పెడుతున్నాడో ఎవరూ పట్టించుకోలేదు. నులిపురుగులు అన్నారు, ఆ మందు కూడా వేశారు.

పద్నాలుగో రోజు బావ అప్పు చేసి పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన కాగితాలు చూడకముందే పిల్లోణ్ని పడుకోబెట్టి కుడి డొక్క కింద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కాడు. వాడు అరిచిన అరుపు బయట కూర్చున్న అక్కకి వినపడింది. అప్పుడు కాగితం తీసుకుని, టోటల్ కౌంట్ చూసి, "ఇది ఎప్పటిది? వారం కిందటిదా?" అని రెండుసార్లు అడిగాడట. వెంటనే స్కానింగ్. లివర్ కుడి భాగంలో దాదాపు 7 సెంటీమీటర్ల గడ్డ, లోపల చీము. ఆ సాయంత్రమే విజయవాడ పెద్దాసుపత్రికి.

స్కానింగ్ అనగానే మా అమ్మ అన్న మాట ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుని నవ్వుకుంటాం. "పిల్లోడికి స్కానింగేంది, వాడేమన్నా కడుపుతో ఉన్నాడా?" నవ్వే మాటే. కానీ నా బాధంతా అందులోనే ఉంది. మన తండాల్లో, యానాది కాలనీల్లో, ఎరుకల వాడల్లో స్కానింగ్ అంటే గర్భిణులది. ఐదో నెల స్కానింగ్, తొమ్మిదో నెల స్కానింగ్. లింగ నిర్ధారణ పరీక్షల్ని అడ్డుకునే చట్టం 1994లో వచ్చింది, అది కావాల్సిన చట్టమే. దాని ప్రకారం రిజిస్టరైన చోట, అర్హత ఉన్న డాక్టరే ఆ మెషిన్ వాడాలి. అందుకే బీపీ మెషిన్‌లాగా అది ప్రతి ఊరికీ రాదు. వచ్చిన చోట కూడా జనం మనసులో అది ఆడవాళ్ల గదిలో ఉండే వస్తువు. పిల్లోడి జ్వరానికీ దానికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టదు. సూదీ గుచ్చక్కర్లేదు, రేడియేషనూ లేదు, పది నిమిషాల్లో చీము ఎక్కడుందో, ఎంత ఉందో చూపిస్తుంది. ఈ జబ్బుకి అంతకంటే మంచి మొదటి పరీక్ష లేదు. సీటీ స్కాన్ తర్వాత, అవసరమైతేనే.

ఇప్పుడు జబ్బు సంగతి చెప్తా. పెద్దవాళ్లలో లివర్ చీముగడ్డ అంటే మన వైపు మొదట అడిగే ప్రశ్న కల్లు తాగుతాడా అని. పెద్దవాళ్లలో ఎక్కువగా అమీబా వల్ల వస్తుంది కాబట్టి ఆ ప్రశ్నకి అర్థం ఉంది. పిల్లల్లో కథ వేరు. మన దేశం లాంటి చోట్ల పిల్లల లివర్‌లో చీముకి ఎక్కువసార్లు కారణం స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. అది మన చర్మం మీద, ముక్కులో ఉండేదే. సెగగడ్డలు పుట్టించేదీ అదే. గడ్డని పిండినప్పుడో, పుండు మానకముందో రక్తంలోకి దిగి లివర్‌లో కూర్చుంటుంది. క్లెబ్సియెల్లా, ఈ.కోలై లాంటివి కూడా ఉంటాయి, అపెండిక్స్ పగిలిన పిల్లల్లో పేగుల నుంచి ఎక్కుతాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లోడి ఒళ్లు చాలాసార్లు దాన్ని చంపేస్తుంది. తిండి చాలక, రక్తం లేక ఉన్న పిల్లోడిలో అది గెలుస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉందని తేలింది. అది రాష్ట్రం మొత్తం లెక్క. మన తండాల్లో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మోసం చేసే విషయం ఇంకోటి ఉంది. లివర్ జబ్బంటే మనోళ్లు ముందు కళ్లు చూస్తారు. పచ్చగా ఉంటే కామెర్లు, పసరు పోయించండి అంటారు. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల విద్యాసంస్థలో కామెర్లు వచ్చి ఇద్దరు అమ్మాయిలు పోయారు, గుర్తుంది కదా. అప్పట్నుంచి ఆ చూపు ఇంకా ఎక్కువైంది. కానీ చీముగడ్డ ఉన్న పిల్లల్లో చాలామందికి కళ్లు పచ్చబడవు. మా వాడివి తెల్లగానే ఉన్నాయి. తగ్గని జ్వరం, కడుపునొప్పి, తిండి మానేయడం, కుడి డొక్క కింద ముట్టుకుంటే నొప్పి. కొందరికి కుడి భుజం లాగుతుంది, కొందరికి దగ్గు, ఆయాసం వస్తాయి. ఎందుకంటే గడ్డ లివర్ పైభాగంలో ఉంటే ఊపిరితిత్తుల కింది పొరని నెడుతుంది. ఎక్స్‌రే తీసి న్యుమోనియా అని రాసేస్తారు.

టైఫాయిడ్ గురించి కోపంగానే రాస్తా. మన ప్రాంతంలో మూడు రోజులు దాటిన ప్రతి జ్వరమూ టైఫాయిడే. వైడాల్ పరీక్ష చూసేది రక్తంలో యాంటీబాడీలని. మనలాంటి నీళ్లు తాగేవాళ్లలో పాత ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా అది పాజిటివ్ వస్తుంది, వేరే జ్వరాల్లో కూడా వస్తుంది. ఒక్కసారి చేసిన వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చలేం. బ్లడ్ కల్చర్ చెయ్యాలి, అదీ యాంటీబయాటిక్ పడకముందు. ఇది నా సెకండియర్ సిలబస్‌లోనే ఉంది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా. ఇంకో మాట: టైఫాయిడ్‌లో తెల్లకణాలు సాధారణంగా మామూలుగానో తక్కువగానో ఉంటాయి. 23,800 ఉంటే అది "ఎక్కడో చీము ఉంది, వెతకండి" అని రక్తం చెప్తున్న మాట. పిల్లల్లో వయసుని బట్టి ఈ కౌంట్ పెద్దవాళ్లకంటే కొంచెం ఎక్కువే ఉంటుంది, నిజమే. కానీ ఇరవై వేలు దాటి, వారం జ్వరం ఉండి, కడుపునొప్పి ఉంటే టైఫాయిడ్ అని సరిపెట్టుకోకూడదు. ప్లేట్‌లెట్లు ఐదు లక్షలు దాటడం కూడా ఒంట్లో వాపు ఉందనడానికి గుర్తే. మేం దాన్ని చూసి సంతోషపడ్డాం.

ఇక ఆ సూదుల సంగతి. ఆర్ఎంపీ ఇచ్చే సూదిలో చాలాసార్లు డెక్సా కలిసి ఉంటుంది, అంటే స్టెరాయిడ్. జ్వరం దిగుతుంది, పిల్లోడు హుషారుగా లేస్తాడు, డాక్టరు చెయ్యి మంచిదంటాం. లోపల చీము దాని పని అది చేసుకుంటూ ఉంటుంది. రోజుకొక యాంటీబయాటిక్ సూది, అదీ రెండు మూడు రోజులకి మారుస్తూ వేస్తే జబ్బు పోదు, తర్వాత కల్చర్‌లో బాక్టీరియా దొరక్కుండా మాత్రం చేస్తుంది. అమికాసిన్, జెంటామైసిన్ లాంటివి చీములో సరిగ్గా పనిచేయవు. ఎక్కువగా వేసే సెఫ్ట్రియాక్సోన్‌కి స్టాఫ్ మీద క్లోక్సాసిలిన్ అంత బలం లేదు. క్లోక్సాసిలిన్ పాత మందు, చవక మందు.

అయినా ఆర్ఎంపీని ఒక్కణ్నే బోనులో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. రాత్రి పదింటికి తండాకి బండేసుకుని వచ్చేది అతనే. డబ్బులు మిర్చి అమ్మాక ఇవ్వమనేదీ అతనే. పగలు ఆసుపత్రికి వెళ్లాలంటే ఇద్దరి కూలి పోతుంది, జూన్‌లో పత్తి గింజలు పెట్టే రోజుల్లో ఆ కూలి ఏడాదికి ఆధారం. అతనికి నేను చెప్పేది ఒకటే: మొదటి మూడు రోజులు నీవి, ఆ తర్వాత పిల్లోడు నీ చేతిలో ఉండకూడదు, అందులో డెక్సా అసలు ఉండకూడదు. మా ఊరాయనకి ఈ మాట నేనే వెళ్లి చెప్పా. కోపం తెచ్చుకున్నాడు, తర్వాత టీ ఇప్పించాడు.

పెద్దాసుపత్రిలో ఏం చేశారో కూడా రాస్తా, ఎందుకంటే అక్కడ కూడా భయంతో పారిపోయేవాళ్లు ఉన్నారు. ముందు రక్తం తీసి కల్చర్‌కి పంపారు. నరం ద్వారా మూడు మందులు మొదలుపెట్టారు: స్టాఫ్‌కి ఒకటి, మిగతా బాక్టీరియాకి ఒకటి, మెట్రోనిడజోల్ ఒకటి. అమీబా కూడా అయ్యుండొచ్చని, గాలి లేని చోట పెరిగే బాక్టీరియా కూడా ఉండొచ్చని ఆ మూడోది. చిన్న గడ్డలైతే మందులతోనే కరుగుతాయి. 5 సెంటీమీటర్లు దాటితే, లేదా రెండు మూడు రోజుల మందుకి జ్వరం లొంగకపోతే, లేదా పగిలేలా ఉంటే చీము తీయాలి. ఎడమ భాగంలో ఉంటే ఇంకా త్వరపడతారు, పగిలితే గుండె చుట్టూ ఉన్న పొరలోకి వెళ్తుందని. మా వాడికి స్కానింగ్‌లో చూస్తూ డొక్కల మధ్య నుంచి సన్న గొట్టం వేశారు. దాని చివర పందితోకలా చుట్ట తిరిగి ఉంటుంది, అందుకే పిగ్‌టెయిల్ అంటారు. మత్తిచ్చి చేశారు, పొట్ట కోయలేదు. మొదటి రోజే గ్లాసుకి దగ్గరగా పచ్చటి చిక్కటి చీము వచ్చింది. దాంట్లో స్టాఫ్ పెరిగింది, మందులు దానికి తగ్గట్టు మార్చారు.

"లివర్‌కి బొక్క పెడతారా?" అని బావ సంతకం పెట్టడానికి గంటసేపు మొరాయించాడు. ఇది కొత్త ప్రయోగం కాదని అతనికి నేను చెప్పలేకపోయా, ఇప్పుడు మీకు చెప్తా. 1953లో హాంకాంగ్‌లో మెక్‌ఫాడ్జియన్, ఆయన తోటి డాక్టర్లు కలిసి లివర్‌లో చీముగడ్డ ఉన్న 14 మందికి పొట్ట కోయకుండా సూదితో చీము లాగి యాంటీబయాటిక్ ఇచ్చారు. 14 మందీ బతికారు. అప్పటికి స్కానింగ్ మెషిన్ రోగుల దాకా రాలేదు. డెబ్బై ఏళ్ల కిందట, గుడ్డిగా గుచ్చి, పద్నాలుగుకి పద్నాలుగు. ఇప్పుడు తెర మీద చీము కనిపిస్తుండగా, మందులన్నీ ఉండగా, మన పిల్లోడికి ఏమన్నా అయితే దానికి కారణం వైద్యం లేకపోవడం కాదు, అక్కడిదాకా వెళ్లేలోపు పోయిన రోజులు.

ఐదో రోజుకి జ్వరం పోయింది. ఆరో రోజు నుంచి ఇంటికి పోదాం అనే గొడవ మొదలైంది. పక్క బెడ్ వాళ్లు చెప్పకుండా వెళ్లిపోయారు కూడా. ఇక్కడ అక్క గట్టిగా నిలబడింది. ఈ జబ్బుకి రెండు మూడు వారాలు నరం ద్వారా, తర్వాత మాత్రలతో కలిపి మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు మందు పడాలి. జ్వరం పోయింది కదా అని ఆపితే మిగిలిన చీము మళ్లీ పెరుగుతుంది. ఇంకో భయం ఉంటుంది: తగ్గాక కూడా స్కానింగ్‌లో గుంట కనిపిస్తూనే ఉంటుంది, పూడటానికి నెలలు పడుతుంది. పిల్లోడు తింటూ, ఆడుకుంటూ, జ్వరం లేకుండా ఉంటే ఆ గుంట చూసి హడావుడి పడక్కర్లేదు, దానికోసం మందులు పొడిగించక్కర్లేదు. కానీ ఒకసారి తగ్గిన గడ్డ మళ్లీ వచ్చినా, అస్తమానం గడ్డలు, చీము వస్తున్నా రోగనిరోధక శక్తిలోనే పుట్టుకతో లోపం ఉందేమో పరీక్ష చేయించాలి. మేనరికం ఇళ్లలో అలాంటివి కొన్ని ఎక్కువ. ఈ మాట పెద్దవాళ్లకి నచ్చదు, అయినా చెప్పాలి.

పెద్దాసుపత్రిలో మాకు వైద్యానికి డబ్బు పడలేదు. దానికి ముందు పద్నాలుగు రోజుల్లో సూదులకి, సెలైన్లకి, ల్యాబ్‌కి, ఆటోలకి పద్దెనిమిది వేలు పోయాయి, మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. కాబట్టి "మనోళ్లకి డబ్బుల్లేక వైద్యం అందట్లేదు" అని మనం మీటింగుల్లో చెప్పే మాట సగమే నిజం. డబ్బు ఖర్చయింది. తప్పు చోట ఖర్చయింది.

"ప్రతి జ్వరానికీ స్కానింగ్ అడగమంటావా?" అని ఒక ఫార్మసీ తమ్ముడు అడిగాడు. లేదు. పిల్లల జ్వరాలు చాలావరకు మూడు నుంచి ఐదు రోజుల్లో వాటంతట అవే పోతాయి. నేనడిగేది వారం దగ్గర పడినా దిగని జ్వరానికి, కడుపునొప్పి తోడైతే, కౌంట్ బాగా పెరిగితే, ఈమధ్య సెగగడ్డలో పుండో ఉంటే. అప్పుడు డాక్టరుకి గౌరవంగానే చెప్పొచ్చు, "సార్, కుడి డొక్క కింద నొప్పంటున్నాడు, ఒకసారి కడుపు స్కానింగ్ రాయండి" అని. మొదటి రోజుల్లో తీస్తే చీము ఇంకా నీరుగా మారక సరిగ్గా కనిపించకపోవచ్చు. ఒకసారి నార్మల్ వచ్చి జ్వరం అలాగే ఉంటే మళ్లీ తీయాలి. ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. నందిగామ, జగ్గయ్యపేట ఆసుపత్రుల్లో గర్భిణులతో పాటు పిల్లల కడుపు స్కానింగ్‌కి కూడా కేటాయించిన సమయం ఉండాలి, అది బోర్డు మీద రాసి ఉండాలి. విజయవాడ దాకా వెళ్లేది చీము తీయించుకోవడానికి కావాలి, చీము ఉందో లేదో తెలుసుకోవడానికి కాదు.

2024 జూన్‌లో జగ్గయ్యపేట చుట్టుపక్కల అతిసారం వచ్చినప్పుడు శిబిరాలు పెట్టారు, అధికారులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. ఊరంతా ఒకేసారి పడింది కాబట్టి వచ్చారు. లివర్‌లో చీము అలా రాదు. ఎప్పుడో ఒక ఇంట్లో ఒక పిల్లోడికి వస్తుంది, ఆ ఇంట్లోనే ఆగిపోతుంది. మా పక్క తండాలో అంతకుముందు ఏడాది ఒక పాప మూడు వారాల జ్వరంతో పోయింది. టైఫాయిడ్ ముదిరింది అన్నారు. స్కానింగ్ తీయలేదు. అది టైఫాయిడో, ఇంకోటో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. వాళ్ల నాన్న నాకు కనపడినప్పుడల్లా ఆ రిపోర్టు అడిగి చూడాలనిపిస్తుంది. ఇంకా అడగలేదు.

మా వాడు ఇప్పుడు మూడో తరగతి. డొక్క మీద చిన్న మచ్చ ఉంది, బుల్లెట్ దిగిందని స్కూల్లో చెప్పుకుంటున్నాడట. అక్కకి చదువు రాదు. కానీ రిపోర్టులో ఆ లైన్ ఎక్కడ ఉంటుందో గుర్తుపెట్టుకుంది. తండాలో ఎవరి పిల్లలకి జ్వరమొచ్చినా కాగితం తెప్పించుకుని, పైనుంచి మూడో లైన్ మీద వేలు పెట్టి ఫొటో తీసి నాకు పంపుతుంది. మొన్న ఆదివారం కూడా ఒకటి వచ్చింది. 7,400. ఈసారి వెంటనే చూశా.